బెచిర్ అడిగిన మాట

మా ఊళ్ళో మనిషిని మట్టికిచ్చే ముందు ఒక ప్రశ్న అడుగుతారు. పచ్చగుడ్డ కప్పిన పెట్టె ముందు నమాజు చేయించిన హోజా వెనక్కి తిరిగి, వరసల్లో నిలబడ్డ మగవాళ్ళని “హలాలితే?” అంటాడు. “హలాలిమో!” అని అందరూ ఒక్క గొంతుతో జవాబిస్తారు. ఇలా మూడుసార్లు. హలాల్ అనగానే బయటివాళ్ళకి మాంసం కొట్టు గుర్తొస్తుంది గానీ మా బోస్నియాలో అదొక క్రియ. ‘నీ వల్ల నాకేదైనా కష్టం కలిగి ఉంటే మనసారా వదిలేశాను, పైలోకంలో నీ చొక్కా పట్టుకుని నిలదీయను’ అని చెప్పడం. హజ్‌కి వెళ్ళేవాడు ‘హలాలి’, అంటే వదిలెయ్యి అని ఇంటింటికీ తిరిగి అడుగుతాడు. పెళ్ళై వెళ్ళే పిల్ల తాగిన పాలకి తల్లిని అడుగుతుంది. పక్కింటావిడ అరువు తెచ్చుకున్న గిన్నె తిరిగిచ్చేటప్పుడు కూడా అలవాటుగా అడిగేస్తుంది. ఎవరడిగినా జవాబు చెప్పాలి. విననట్టు ఊరుకోవడం అంత పాపం ఇంకోటి లేదని మా ముసలమ్మలు చిన్నప్పటినుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాళ్ళు.

పీపాలు చేసే బెచిర్‌ని మట్టికిచ్చిన రోజున ఈ జవాబు అందరికంటే గట్టిగా చెప్పినవారు హిల్మియా మాష్టారు. ఆయనకి అప్పుడు డెబ్బై ఆరేళ్ళు. ముప్ఫై ఎనిమిదేళ్ళు మా ఊరి బళ్ళో భాష చెప్పి రిటైరైన మనిషి. జేబులో ఎర్ర పెన్సిల్ లేకుండా గడప దాటరు. బేకరీ బోర్డు మీద అక్షరం తప్పు పడితే దిద్దేదాకా అక్కడ రొట్టె కొనలేదు. మా ఊళ్ళో నలభై దాటిన వాళ్ళెవరిని నిద్రలేపి అడిగినా ఏ క్రియకైనా ఆరు రూపాలూ వరసగా అప్పజెప్పేస్తారు. నేను, నువ్వు, అతడు ఒక వైపు. మేము, మీరు, వాళ్ళు ఒక వైపు. నల్లబల్ల మీద నిలువు గీత గీసి మాష్టారు రాసిన తీరు అలాంటిది. ఇక ఆ గొంతు! ఆయన ఆరో తరగతిలో పలికితే ఎనిమిదో తరగతి పిల్లలు నోట్సు రాసుకునేవారు.

ఆ మధ్యాహ్నం హోజా మొదటిసారి అడిగినప్పుడు ఆ గొంతే లేచింది. “హలాలిమో!” అన్న కేకకి స్మశానాన్ని ఆనుకున్న మసీదు గోడ మీద పావురాలు లేచిపోయాయి. మాష్టారికి అందులో తప్పేమీ తోచలేదు. చావు దగ్గర గట్టిగా పలకడం చచ్చినవాడికి మర్యాద అనే ఆయన అనుకున్నారు. పక్కనే మంగలి నుర్కో నిలబడి ఉన్నాడు. స్మశానంలో కూడా నోరు కట్టుకోలేని మనిషి వాడు. మెల్లిగా మాష్టారి వైపు వంగి, “ఏం మాష్టారూ, అంత గట్టిగా క్షమించేస్తున్నారు, పాపం బెచిర్ మీకేం ద్రోహం చేశాడేంటి?” అన్నాడు.

నుర్కోకి ఏమీ తెలీదు. ఊరికే అన్నాడు. కానీ మాష్టారికి ఆ మాట సూటిగా తగిలింది. బెచిర్ తనకేం చేశాడు? ఏమీ చెయ్యలేదు. చేసింది తను. ముప్ఫై ఏడేళ్ళ క్రితం చేశారు. ఆ మనిషి చెక్కపెట్టెలో పడుకుని ఉంటే తాను వెనకాల నిలబడి దర్జాగా అతన్ని క్షమిస్తున్నారు! హోజా రెండోసారి అడిగాడు, మాష్టారి నోరు పెగల్లేదు. మూడోసారి అడిగాడు. పెదాలు కదిపారు గానీ మాట రాలేదు. పిడికెడు మట్టి వేసేటప్పుడు కూడా బెచిర్ అల్లుడి మొహం చూడలేకపోయారు.

జరిగింది పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో. పెద్ద ఊరి నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అప్పటి కమ్యూనిస్టు రోజుల్లో ఇన్‌స్పెక్టరంటే వ్యాకరణం చూసేవాడు కాదు, మనిషిని చూసేవాడు, మసీదు వాసన తగిలితే ఉద్యోగం ఊడినట్టే. మాష్టారికి ఒక గుట్టు ఉంది. ఆయన తండ్రి పై ఊరి మసీదులో మినారెక్కి నమాజుకి పిలుస్తూ బాంగు ఇచ్చేవాడు. ఉద్యోగం కాగితాల్లో తండ్రి వృత్తి అన్న చోట మాష్టారు ‘రైతు’ అని రాశారు. అది ఎప్పుడు బయటపడుతుందోనని ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడల్లా ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని పాఠం చెప్పేవారు.

“ఒక్కొక్కరూ లేచి ఒక క్రియ ఎంచుకుని ఆరు రూపాలూ చెప్పండి” అన్నారు ఆ రోజు ఆరో తరగతిలో. పిల్లలు గడుగ్గాయిలు, ఇన్‌స్పెక్టరుకి ఏది నచ్చుతుందో వాళ్ళకి తెలుసు. ఒకడు ‘కట్టడం’ అన్నాడు, ఇంకొకడు ‘పని చెయ్యడం’ అన్నాడు, ఒకమ్మాయి ‘పోరాడడం’ చెప్పి మెప్పు పొందింది. మూడో బెంచీలోంచి బెచిర్ కూతురు జుల్సా లేచింది. పన్నెండేళ్ళ పిల్ల, రెండు జడలు.

“హలాలితి” అంది. ఊపిరి తీసుకుని మొదలెట్టింది. “హలాలిమ్, హలాలిష్, హలాలి. హలాలిమో, హలాలితే, హలాలే.”

ఒక్క రూపం తప్పలేదు. ఆ ఏడు క్లాసులో అంత శుభ్రంగా పలికినవాళ్ళే లేరు. ఇన్‌స్పెక్టరు కలం కింద పెట్టాడు.

“ఈ క్రియ ఎవరు నేర్పారు? మీరేనా కామ్రేడ్ మాష్టారూ?”

“నేనెందుకు నేర్పుతాను!” అన్నారు మాష్టారు. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. “అసలు ఇది మన భాషలో మాటే కాదు. నిఘంటువులోనే లేదు. ఎవరు చెప్పారే నీకు?”

“మా నాన్న అంటాడండీ. పొద్దున్నే పనికెళ్ళేటప్పుడు రోజూ అమ్మతో అంటాడు.”

“అయితే మీ నాన్ననే పిలుచుకురా. ఆయనకి పాఠం చెబుదాం.”

బెచిర్ పని చేసే కొట్టు బడి గేటుకి ఎదురుగానే ఉండేది. కూతురికేదో అయిందనుకుని, పని గుడ్డ మీద చెక్కపొట్టు దులుపుకోకుండానే పరిగెత్తుకొచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మాష్టారు బల్ల మీద లావాటి నిఘంటువు పెట్టారు.

“ఇదిగోనయ్యా. మీ ఇంట్లో వాడే మాట ఇందులో ఎక్కడుందో చూపించు, మేమూ నేర్చుకుంటాం.”

బెచిర్‌కి చదవడం రాదు. అది మాష్టారికి తెలుసు. జుల్సాని బళ్ళో చేర్చిన రోజు కాగితం మీద బెచిర్ వేలిముద్ర వేయించింది తనే. ఇంకో సంగతి కూడా తెలుసు. ఆ మాట నిఘంటువులో ఉంది. అర్థంతో సహా ఉంది, ఎన్నోసార్లు చూసుకున్నారు.

పన్నెండేళ్ళ కూతురు చూస్తోంది. బెచిర్ పుస్తకం తెరిచాడు. మొద్దు వేలు ఒక వరస మీద పెట్టి మెల్లిగా జరిపాడు, పేజీ తిప్పాడు, మళ్ళీ జరిపాడు. చదివేవాళ్ళు ఎలా చేస్తారో ఎప్పుడో చూసి ఉంటాడు కదా, అలాగే చేశాడు. మధ్యలో ఒకచోట ఆగి నొసలు చిట్లించాడు. క్లాసంతా చప్పుడు లేదు. చివరికి పుస్తకం మూసి, “లేదండీ మాష్టారూ. మీరన్నదే నిజం. పిల్లదానికేం తెలీదు, తప్పు నాది. పెద్దాయన ముందు మీకు తలవంపులు తెచ్చాను. హలాలి, మాష్టారూ” అన్నాడు.

మళ్ళీ అదే మాట వచ్చేసరికి పిల్లలు గొల్లుమన్నారు. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. మాష్టారూ నవ్వారు. నవ్వుతూ ఇన్‌స్పెక్టరు మొహం చూశారు, తాను గండం గట్టెక్కారో లేదో చూసుకోవడానికి. బెచిర్ జవాబు కోసం గుమ్మం దగ్గర కాసేపు ఆగాడు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం నుంచి జుల్సా బడికి రాలేదు. ఎందుకు రాలేదని అడగడానికి ఇంటికి వెళ్ళాల్సిన మనిషి క్లాసు మాష్టారే. ఆయన వెళ్ళలేదు. హాజరు పట్టీలో ఆ పేరు దగ్గర ఏడాది చివరిదాకా గీతలు పెట్టుకుంటూ పోయారు. రెండేళ్ళ తర్వాత ఆ పిల్ల చెప్పుల ఫ్యాక్టరీలో తోలు కుట్టే పనికి చేరిందని విన్నారు. విని వార్తాపత్రిక పేజీ తిప్పారు.

తర్వాత అడగడానికి సందు దొరకలేదని చెప్పుకుందామంటే, దొరికింది, ఒకసారి కాదు. ఏటా శరదృతువులో క్యాబేజీ ఊరబెట్టే పీపా కారితే బిగించడానికి వచ్చేది బెచిరే. మాష్టారు కనపడితే ముసలితనంలో కూడా లేచి నిలబడేవాడు. అది చూస్తే మాష్టారికి చెంప మీద కొట్టినట్టుండేది, అందుకని ఆ పూట ఏదో పని పెట్టుకుని బయటికి పోయేవారు. యుద్ధం వచ్చిన శీతాకాలం అయితే రెండు కుటుంబాలూ ఒకే నేలమాళిగలో నాలుగు నెలలు తలదాచుకున్నాయి. ఫిరంగులు మోగుతుంటే బెచిర్ తన వంతు చిక్కుడు గింజల చారు మాష్టారి గిన్నెలో సగం వంచేవాడు. “తినండి మాష్టారూ, మీరు బక్కపలచగా ఉన్నారు” అనేవాడు. ఒకరోజు మాష్టారికి మాట గొంతుదాకా వచ్చింది. “బెచిర్, నీకో మాట చెప్పాలి” అన్నారు. “చెప్పండి” అన్నాడు బెచిర్. “మంచు ఈసారి తొందరగా పడేట్టుంది” అన్నారు మాష్టారు. ఫిరంగికి భయపడలేదు గానీ ఆ ఒక్క మాటకి భయపడ్డారు. చదువుకున్నవాడు పీపాలవాణ్ణి అడగడమా అన్న పొగరు కూడా అందులో ఉందని, ఆ స్మశానం నుంచి ఇంటికి నడుస్తూ మొదటిసారి ఒప్పుకున్నారు.

ఇంట్లో భార్య వస్వియా ఒక సంచీ సిద్ధం చేసి పెట్టింది. చావింటికి మేము కాఫీపొడి, పంచదార పట్టుకెళ్తాం. మాష్టారు సంచీ వైపు చూసి, “రేపు నువ్వు వెళ్ళిరా” అన్నారు.

“నేను పొద్దున్నే వెళ్ళొచ్చాను. ఇది నీది.”

“నేను వెళ్ళి ఏం చెప్పను వస్వియా?”

“ముప్ఫై ఎనిమిదేళ్ళు ఊరందరి పిల్లలకీ నోరు తిరగడం నేర్పావు, నీ నోరు నువ్వు తిప్పుకోలేవా?” అంది ఆవిడ. “బెచిర్ ఉన్నన్నాళ్ళూ వెళ్ళి అడుగు అని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. ఇప్పుడు ఆయన లేడు. ఆ పిల్ల కూడా పోయేదాకా ఆగుతావా?”

మర్నాడు మాష్టారు వెళ్ళారు. ఆ వీధి వాలు ఎక్కడానికి పది నిమిషాలు చాలు, ఆయనకి గంట పట్టింది. మధ్యలో రెండుసార్లు వెనక్కి తిరిగారు. దారిలో ఎదురైన వాళ్ళు “దండాలు మాష్టారూ” అంటుంటే, ఆ దండాలు కూడా ఎవరి సొమ్మో దొంగిలించి తింటున్నట్టు అనిపించింది.

జుల్సా తలుపు తీసింది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. తోలు కుట్టి కుట్టి వేళ్ళ కొసలు కాయలు కాసి ఉన్నాయి. సంచీ అందుకుని, “లోపలికి రండి మాష్టారూ” అంది, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా. కాఫీ కాచి తెచ్చింది. చిన్న కప్పులో పోసి, పంచదార బిళ్ళ పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుంది.

మాష్టారు ఆ నడకంతా ఒక వాక్యం కూర్చుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. “అమ్మాయీ, నేను...” అని ఆగారు. కప్పు కింద పెట్టేశారు. “ఆ రోజు నిఘంటువులో ఆ మాట ఉంది. ఉందని నాకు తెలుసు. మీ నాన్నకి చదవడం రాదనీ తెలుసు. అన్నీ తెలిసే చేశాను. మా నాన్న మసీదులో బాంగు ఇచ్చేవాడు. అది బయటపడుతుందని భయపడి మీ నాన్నని బలిపెట్టాను. నీ చదువు కూడా నేనే మింగాను.”

“ఉందని నాకూ తెలుసు” అంది జుల్సా. “ఫ్యాక్టరీలో చేరాక లైబ్రరీకి వెళ్ళి చూశాను. నాన్నకి చెప్పలేదు. చెబితే, చదవడం రాదని నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోతుంది కదా. చచ్చేదాకా ఆయన నా దగ్గర చదువొచ్చినట్టే ఉన్నాడు మాష్టారూ. సాయంత్రం పేపరు పట్టుకుని కూర్చునేవాడు.”

మాష్టారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. భూమి నోరు తెరిస్తే అందులోకి దిగిపోదామన్నంత సిగ్గు వేసింది.

“ఇంకోటుంది వినండి” అంది జుల్సా. “పోయిన వారం మాట తడబడుతుంటే కూడా మూడు రోజులు ఒకటే చెప్పాడు. ‘నేను మాష్టారికి పెద్దాయన ముందు తలవంపులు తెచ్చాను. ఆ రోజు అడిగాను, ఆయన జవాబు చెప్పలేదు. కోపం పోలేదు కాబోలు. వెళ్ళి అడుక్కురా తల్లీ, నాకు భయంగా ఉంది’ అని. ఇన్నేళ్ళూ తప్పు తనదే అనుకున్నాడు.”

“అయ్యో! అయ్యో జుల్సా, అలా ఎలా...”

“నేను రాలేదు” అందామె. “మీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాను. ఈయన్నా నేను అడిగేది, చస్తే అడగను అనుకున్నాను. ఇంటికెళ్ళి నాన్నకి, మాష్టారు ఊళ్ళో లేరని అబద్ధం చెప్పాను. ఆ రాత్రే పోయాడు.”

జుల్సా చల్లారిన కాఫీ కప్పు పక్కకి జరిపింది.

“ఇప్పుడడుగుతున్నాను. నాన్న తరఫున. జవాబు చెప్పండి.”

“నేనేం చెప్పను! అడగాల్సినవాణ్ణి నేను. ఆయన చేసిన తప్పేమిటి, నేను వదిలెయ్యడానికి? నా నోటితో ఆ మాట ఎలా అనను?”

“మీరు అడగాల్సింది ఆయన వినలేడు. ఆయన అడిగింది మాత్రం మీ దగ్గర అలాగే ఉంది” అంది జుల్సా. “తప్పు ఎవరిదని కాదు మాష్టారూ. అడిగాడు. జవాబు చెప్పాలి. నిన్న స్మశానంలో అందరితో కలిసి గట్టిగా అరిచారట కదా. మా ఆయన చెప్పాడు. ఇక్కడ మీరొక్కరే చెప్పండి.”

మాష్టారు లేచి నిలబడ్డారు. కూర్చుని చెప్పడానికి మనసొప్పలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు నల్లబల్ల మీద ఎడమవైపు అన్నిటికంటే పైన రాసిన ‘నేను’ రూపం అది, చిన్న పిల్లలు కూడా తడుముకోకుండా చెప్పేది. గోడ మీద బెచిర్ ఫోటో ఉంది. దాని వైపు చూస్తూ, “హలాలిమ్” అన్నారు. ఆ పెద్ద గొంతు చీలిపోయి పిల్లి కూతలా వచ్చింది. నిర్దోషిని క్షమించడం ఎంత నీచంగా ఉంటుందో అనుభవించి తెలుసుకున్నారు.

జుల్సా కళ్ళు మూసుకుంది. గుండెల మీంచి బరువు దిగినట్టు ఒక్క నిట్టూర్పు విడిచింది.

మాష్టారు వెంటనే వెళ్ళిపోయి ఉండొచ్చు. వెళ్ళలేదు. అదొక్కటీ ఆయన చేసిన మంచి పని అనుకోండి. ఆమె ముందు తలవంచి, అప్పటిదాకా ఊళ్ళో ఎవరినీ అడగనిది అడిగారు. “హలాలి, జుల్సా. మీ నాన్న సంగతి సరే, నీకు చేసినదానికి అడుగుతున్నాను.”

జుల్సా కిటికీ వైపు చూసింది, చేతులు చూసుకుంది. పెదాలు విడివడ్డాయి, మళ్ళీ మూసుకున్నాయి.

“రావడం లేదు మాష్టారూ” అంది చివరికి. “మనసులో లేకుండా పైకి అంటే చెల్లదు. నాన్నకి చెప్పినట్టు మీకూ అబద్ధం చెప్పలేను. అడిగితే ఊరుకోకూడదు కాబట్టి చెబుతున్నాను, ఇంకా రాలేదు.”

“సరే అమ్మాయీ.”

“మీ తల పండిపోయింది. నా ఇంటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. మా నాన్న అయితే మీరు నోరు తెరవకముందే ఇచ్చేసేవాడు. ఆయన కడుపున పుట్టి నేను ఇవ్వలేకపోతున్నాను” అంది. చెవుల దాకా ఎర్రబడి, చిన్నప్పుడు బెంచీలో నిలబడ్డట్టు తల దించుకుంది. “నాకే సిగ్గుగా ఉంది మాష్టారూ.”

‘నువ్వెందుకమ్మా సిగ్గుపడడం’ అనబోయారు ఆయన. కానీ ఆ మాట అనే హక్కు తనకెక్కడిది? టోపీ తీసుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి నడిచారు. వెనకాల ఆమె ఇంకా తల దించుకునే ఉంది. ఆ సిగ్గు కూడా తన చేతి పనేనని మాష్టారికి తెలుసు.